ఒక్క ఫోటో ముందు అరగంట: గెలాక్సీలు, నెబ్యులాలు, నక్షత్ర గుచ్ఛాలను ఫోటోల్లో పరిశీలించడం ఎలా

గెలాక్సీ ఫోటో ఒకటి ఫోన్‌లో కనబడగానే "అబ్బ, ఎంత బాగుందో" అనుకుని వేలితో పైకి తోసేస్తాం. మహా అయితే రెండు సెకన్లు. ఆ వెలుగు మన దాకా రావడానికి కోట్ల ఏళ్లు పట్టి ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి టెలిస్కోపు గంటల తరబడి ఒకే చోటికి గురిపెట్టి ఉంటుంది. అలాంటిదానికి రెండు సెకన్లు చాలవని నా గట్టి నమ్మకం, అందుకే ఇది రాస్తున్నాను. మీ దగ్గర టెలిస్కోపు లేకపోయినా, చుట్టూ లైట్ల వల్ల ఆకాశం సరిగా కనబడకపోయినా ఫర్వాలేదు. కంప్యూటరూ నెట్టూ ఉంటే ఫోటోల్లోనే ఆకాశాన్ని నిజంగా పరిశీలించొచ్చు.

దీనికి అసలు కిటుకు ఒక్కటే. ఫోటో బల్లపరుపుగా ఉంటుంది, ఆకాశం అలా ఉండదు. ఒకే ఫ్రేములో ఆనుకుని ఉన్న రెండు చుక్కల్లో ఒకటి వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలో, రెండోది వంద కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉండొచ్చు. ఏది ముందుంది, ఏది వెనకుంది అని విడదీయడం అలవాటైతే ఫోటో మీ కళ్ల ముందే లోతుగా విచ్చుకుంటుంది. కింద చెప్పేదంతా ఆ అలవాటు కోసమే.

ముందు కూర్చునే చోటు, ఫైలు

ఫోన్ కన్నా కంప్యూటర్ స్క్రీన్ మేలు. గదిలో లైటు ఆపేయండి, కనీసం దాని మెరుపు స్క్రీన్ మీద పడకుండా చూసుకోండి. స్క్రీన్ తుడవండి కూడా. దుమ్ము రేణువుకీ చిన్న నక్షత్రానికీ తేడా తెలియదు, అనుమానం వస్తే ఫోటోని పక్కకు జరపండి, నక్షత్రమైతే ఫోటోతో పాటు కదులుతుంది.

వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫోటో వద్దు. అది కుదించుకుపోయి ఉంటుంది, మనకు కావలసిన సన్నటి వివరాలు ముందుగా పోయేది అక్కడే. హబుల్, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులు, యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ వాళ్ల సైట్లలో ప్రతి ఫోటో పూర్తి సైజులో ఉచితంగా దొరుకుతుంది, అక్కడి నుంచే తీసుకోండి. ఈ మధ్య కంప్యూటర్ సృష్టించిన బొమ్మలు కూడా "వెబ్ తీసిన ఫోటో" అని తిరుగుతున్నాయి. ఫోటో కింద ఆ వస్తువు కేటలాగ్ నంబరూ, ఏ టెలిస్కోపుతో తీశారో, ఏ ఫిల్టర్లు వాడారో లేకపోతే నమ్మకండి. నంబరు ఉంటే మీరే సరిచూసుకోవచ్చు, ఎలాగో కాసేపట్లో చెబుతాను.

బొమ్మ కన్నా ముందు వివరణ చదవండి

పేరు దగ్గర మొదలుపెడదాం. ఎం31, ఎం51 అని ఉంటే అది చార్లెస్ మెస్సియర్ జాబితా. ఆయన వెతికింది తోకచుక్కల్ని. 1758లో తోకచుక్కలా మసకగా ఉండి కదలకుండా నిలబడిన ఒక మరకని చూశాడు, అదే ఎం1, క్రాబ్ నెబ్యులా (నెబ్యులా అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం). మళ్లీ పొరపాటు పడకూడదని అలాంటి మరకలన్నిటినీ రాసిపెట్టుకున్నాడు, ఇవాళ ఆ జాబితాలో 110 ఉన్నాయి. ఎన్‌జీసీ అని ఉంటే అది 1888లో డ్రేయర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అచ్చువేసిన 7,840 వస్తువుల కేటలాగ్. ఈ రెండూ తెలిస్తే మొదటి ఏడాదికి సరిపోతుంది.

తరవాత సైజు. ఫోటోలన్నీ స్క్రీన్ నిండా ఒకేలా నిండిపోతాయి కాబట్టి అన్నీ ఒకే సైజు అనిపిస్తాయి, ఇదే అందరూ పడే మొదటి పొరపాటు. పున్నమి చంద్రుణ్ణి కొలబద్దగా పెట్టుకోండి. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, అంటే 30 ఆర్క్‌మినిట్లు. చెయ్యి చాచి చిటికెనవేలు పైకెత్తితే దాని వెడల్పు సుమారు ఒక డిగ్రీ. ఆండ్రోమెడా గెలాక్సీ, అంటే ఎం31, సుమారు 3 డిగ్రీలు, ఆరుగురు చంద్రుళ్లను పక్కపక్కన పెట్టినంత. ఎం51 సుమారు 11 ఆర్క్‌మినిట్లు, చంద్రుడిలో మూడో వంతు. రింగ్ నెబ్యులా ఎం57 ఒక ఆర్క్‌మినిట్ కన్నా కాస్త ఎక్కువ, అంతే. హబుల్ ప్రధాన కెమెరా ఒకసారికి చూసేది మూడున్నర ఆర్క్‌మినిట్ల లోపు చదరం. అందుకే ఎం31 మొత్తాన్ని హబుల్‌తో కవర్ చేయడానికి 600కి పైగా ఫ్రేములు అతికించాల్సి వచ్చింది, ఆ ఫోటో 2025లో విడుదలైంది, 250 కోట్ల పిక్సెళ్లు.

దిక్కుల సంగతి కూడా ఒక్క ముక్క. ఉత్తరం పైన పెట్టిన ఆకాశం ఫోటోలో తూర్పు ఎడమవైపు ఉంటుంది. మ్యాపుకి ఇది తిరగబడినట్టు అనిపిస్తుంది, కానీ మ్యాపుని పైనుంచి చూస్తాం, ఆకాశాన్ని కింద నుంచి చూస్తాం. హబుల్, వెబ్ ఫోటోలు చాలావరకు ఎటో ఒకవైపు తిప్పి ఉంటాయి, వివరణలో బాణం గుర్తు వెతకండి.

ముళ్లున్న చుక్కలు, ముళ్లు లేని మరకలు

ఇప్పుడు ఫోటోలోకి రండి. మధ్యలో ఉన్న అందమైన వస్తువుని కాసేపు పట్టించుకోకండి. చుట్టూ ఉన్న చుక్కలు చూడండి. కొన్నిటికి ముళ్లలా కాంతి రేఖలు పొడుచుకొచ్చి ఉంటాయి. అవి నక్షత్రానికి ఉండవు, టెలిస్కోపు లోపల చిన్న అద్దాన్ని పట్టుకునే కడ్డీల వల్ల, అద్దం అంచుల వల్ల కాంతి వంగి ఏర్పడతాయి. హబుల్ ఫోటోల్లో నాలుగు ముళ్లు. వెబ్‌లో షడ్భుజాకారపు అద్దాల వల్ల ఆరు పెద్దవి, కడ్డీ వల్ల రెండు చిన్నవి. కాబట్టి ముళ్లు లెక్కపెడితే హబులా, వెబ్బా అన్నది తెలిసిపోతుంది.

అంతకన్నా ముఖ్యం, గెలాక్సీ ఫోటోలో ముళ్లున్న చుక్క దాదాపు ఎప్పుడూ మన పాలపుంతలోని నక్షత్రమే. అది కిటికీ అద్దం మీది వాన చుక్క లాంటిది, మనం చూస్తున్న దృశ్యం కిటికీ అవతల ఎక్కడో ఉంది. ఎం31 మామూలు ఫోటోలో గెలాక్సీ మీద చల్లినట్టు కనబడే నక్షత్రాలన్నీ మనవే. ఆ గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దాని నక్షత్రాలు అక్కడ పాలలా కలిసిపోయి ఉంటాయి. ఇది ఒకసారి పట్టుబడితే మళ్లీ ఆ ఫోటో మునుపటిలా కనబడదు, నిజంగా. ఇక ముళ్లు లేకుండా కాస్త సాగినట్టు, అంచులు మసకగా ఉండే చిన్న చిన్న మరకలుంటాయి చూడండి, అవి చాలావరకు వెనక ఉన్న గెలాక్సీలు. 1995 డిసెంబర్‌లో హబుల్ ఖాళీగా కనబడిన చిన్న ముక్క ఆకాశాన్ని పది రోజుల పాటు చూస్తే అలాంటివి మూడు వేల దాకా బయటపడ్డాయి.

రంగుని ఎలా చదవాలి

"ఆ రంగులు నిజమేనా?" అని అందరూ అడుగుతారు. పెద్ద టెలిస్కోపుల కెమెరాలు తీసేది నలుపు తెలుపు ఫోటోలే, ఒక్కో ఫిల్టర్‌తో ఒక్కోటి. తరవాత వాటికి రంగులిచ్చి కలుపుతారు. అది మోసం కాదు, కానీ ఏ రంగు దేనికిచ్చారో తెలియకుండా చదివితే తప్పు చదువుతాం.

మామూలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో తీసిన ఫోటో అయితే నీలంగా మెరిసేవి వేడి నక్షత్రాలు, పసుపు నారింజ వయసు మళ్లిన నక్షత్రాల గుంపు, గులాబీ రంగు మరకలు వెలుగుతున్న హైడ్రోజన్, గోధుమ నలుపు చారలు ధూళి. కానీ "హబుల్ పాలెట్" అని ఉంటే ఈ లెక్క పక్కన పెట్టాలి. అందులో సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇస్తారు. వెబ్ చూసేది ఇన్‌ఫ్రారెడ్, అంటే ఎక్కువగా కంటికి కనబడని కాంతి, దాంట్లో పొడవైన తరంగాలకి ఎరుపు, పొట్టివాటికి నీలం ఇస్తారు. అందుకే ఫిల్టర్ల పేర్లు చదవకుండా రంగు గురించి ఏమీ అనుకోవద్దని అంటాను.

మొదటి పరిశీలన: ఎం51

ఇప్పుడు చేతులతో చేసే పని. బ్రౌజర్‌లో అలాదిన్ లైట్ తెరవండి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ డేటా కేంద్రం వాళ్లది, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. వెతికే పెట్టెలో ఎం51 అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. మొదట కనబడేది డీఎస్ఎస్ అనే సర్వే, పాత గాజు ఫోటో పలకల్ని స్కాన్ చేసి అతికించిన ఆకాశం మొత్తం. ఫ్రేము వెడల్పు 20 ఆర్క్‌మినిట్ల దగ్గరికి తెచ్చుకోండి. (ఇందాక చెప్పిన నకిలీ బొమ్మల తనిఖీ ఇక్కడే చేయాలి. మీ ఫోటోలోని నాలుగైదు ప్రకాశవంతమైన నక్షత్రాల అమరిక ఇక్కడి అమరికతో కలవకపోతే ఆ బొమ్మ అబద్ధం.)

తెర మీద రెండు కాంతి ముద్దలు కనబడతాయి, పెద్దది సుడి, దాని చేతి చివర చిన్నది. పెద్దది ఎం51, సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. చిన్నది దాని తోడు గెలాక్సీ, ఎన్‌జీసీ 5195. సుడి మధ్యలో మొదలుపెట్టి ఒక చేతిని వేలితో నెమ్మదిగా అనుసరించండి, మధ్యలో తెగినా వదలకుండా చివరి దాకా. ఇదే సుడిని 1845లో లార్డ్ రాస్ ఐర్లాండ్‌లో 72 అంగుళాల అద్దంతో కంటితో చూసి కాగితం మీద గీశాడు. మీరూ గీయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు, గీస్తున్నప్పుడే "ఈ చెయ్యి ఇక్కడ రెండుగా చీలిందే" అని కంటికి తడుతుంది, ఊరికే చూస్తే ఎప్పటికీ తట్టదు.

ఇప్పుడు పక్క ట్యాబ్‌లో 2005లో విడుదలైన హబుల్ ఎం51 ఫోటో పూర్తి సైజులో తెరవండి. చేతుల లోపలి అంచు వెంట నల్లటి ధూళి చారలు, వాటిని ఆనుకుని గులాబీ చుక్కలు, ఆ పక్కన నీలం గుంపులు కనబడతాయి. వాయువు నొక్కుకుని ధూళి చిక్కబడే చోటు, నక్షత్రాలు పుట్టే చోటు, పుట్టిన నక్షత్రాలు, మూడూ ఒకదాని పక్కన ఒకటి. ఇక తోడు గెలాక్సీ దగ్గరికి జూమ్ చేయండి. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు పక్కపక్కన ఉన్నాయనిపిస్తుంది కదా? కానీ ఎం51 చేతిలోని నల్లటి ధూళి చారలు ఆ చిన్న గెలాక్సీ వెలుగు మీదుగా అడ్డంగా పోతున్నాయి చూడండి. వెలుగు ముందు నిలబడితేనే నీడ కనబడుతుంది, అంటే చెయ్యి ముందు, చిన్న గెలాక్సీ వెనక. ఏ లెక్కలూ వేయకుండా ఒక్క నీడ చూసి రెండు గెలాక్సీల్లో ఏది ముందుందో తేల్చేశారు మీరు.

మళ్లీ అలాదిన్‌కి వచ్చి పొరలు మార్చండి. జాబితాలో గేలెక్స్ (GALEX) ఎంచుకుంటే అది అతినీలలోహిత కాంతి. సుడి చేతులు వెలిగిపోతాయి, చిన్న గెలాక్సీ దాదాపు మాయమైపోతుంది, ఎందుకంటే దానిలో కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలు చాలా తక్కువ. తరవాత టూమాస్ (2MASS) ఎంచుకోండి, అది ఇన్‌ఫ్రారెడ్. ఇప్పుడు కథ తిరగబడుతుంది, చిన్న గెలాక్సీ గట్టిగా మెరుస్తుంది, చేతులు మెత్తబడతాయి. ముసలి నక్షత్రాలు బయటపడ్డాయన్నమాట. ఈ మూడు పొరల మధ్య అటూ ఇటూ పదిసార్లు మారుస్తూ కూర్చోండి.

నెబ్యులా అయితే

ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న: దీన్ని వెలిగిస్తున్నదెవరు? గులాబీ మేఘమైతే దగ్గరలో వేడి నక్షత్రం ఎక్కడో ఉంటుంది, వెతకండి. నీలం మేఘమైతే అది తనంతట వెలగడం లేదు, పక్క నక్షత్రం వెలుగుని ధూళి చెదరగొడుతోంది. గుండ్రటి ఉంగరమైతే మధ్యలో చిన్న చుక్క కోసం చూడండి, ఎం57లో అది చనిపోతున్న నక్షత్రం మిగిల్చిన గర్భం. చిందరవందరగా దారప్పోగుల్లా ఉంటే పేలిన నక్షత్రం కావచ్చు. క్రాబ్ పేలుడు 1054లో భూమికి కనబడింది, చైనా వాళ్లు రాసిపెట్టారు.

నల్లటి నెబ్యులాలు నాకు అన్నిటికన్నా ఇష్టం. అక్కడ వెతకాల్సింది వెలుగుని కాదు, నక్షత్రాలు లేకపోవడాన్ని. చిటికెనవేలంత చదరం ఊహించుకుని అందులో నక్షత్రాలు లెక్కపెట్టండి, పక్క చదరంలో మళ్లీ లెక్కపెట్టండి. ఒకచోట సంఖ్య ఒక్కసారిగా పడిపోతే అక్కడ మేఘం అడ్డుపడుతున్నట్టే. బార్నార్డ్ 68 ఫోటో చూడండి, నక్షత్రాల గుంపులో సిరా చుక్క పడ్డట్టుంటుంది. అదే చోటు ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే వెనక నక్షత్రాలన్నీ ఎర్రగా తొంగిచూస్తాయి. ఇంకో సంగతి, ఆ నలుపులో మనవైపు ఒక్క నక్షత్రం కూడా కనబడటం లేదంటే మేఘం మనకు చాలా దగ్గరగా ఉందని అర్థం.

పోల్చి చూడటానికి "పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్" కన్నా మంచి పాఠం లేదు, ఎం16లోని ధూళి స్తంభాలు, 6,500 కాంతి సంవత్సరాల దూరం. హబుల్ 1995లో తీసింది, 2014లో మళ్లీ తీసింది, వెబ్ 2022లో తీసింది. మూడూ పక్కపక్కన పెట్టండి. 1995 ఫోటోలో ఒక మూల మెట్లలా నల్లగా తెగి ఉంటుంది, అది ఆకాశంలోది కాదు, అప్పటి కెమెరాలోని నాలుగు ముక్కల్లో ఒకటి చిన్న భాగాన్నే దగ్గరగా చూసేది. వెబ్ ఫోటోలో స్తంభాలు పలచబడి వెనక వేల నక్షత్రాలు కనబడతాయి. హబుల్‌లో గోడలా ఉన్నది వెబ్‌లో తెరలా మారుతుంది.

నక్షత్ర గుచ్ఛాలు

గుచ్ఛం అంటే ఒకచోట కలిసి ఉన్న నక్షత్రాల గుంపు. కృత్తికలతో మొదలుపెట్టండి, కంటికి తెలిసినవే కాబట్టి. సుమారు 440 కాంతి సంవత్సరాల దూరం, వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు, వెయ్యికి పైగా నక్షత్రాలు. ఫోటోలో నక్షత్రాల చుట్టూ నీలం పొగలా ఉంటుంది, దాన్ని దగ్గరగా చూస్తే దువ్వినట్టు సన్నటి చారలు. చాలామంది అది ఆ నక్షత్రాలు పుట్టిన మేఘం అనుకుంటారు, కాదు. దారిలో ఎదురైన వేరే ధూళి మేఘం గుండా ఇవి ఇప్పుడు వెళ్తున్నాయి.

గుచ్ఛం ఏదైనా రంగు చూసి వయసు ఊహించొచ్చు. బాగా మెరిసేవన్నీ నీలమైతే పిల్ల గుచ్ఛం. సుమారు 400 కోట్ల ఏళ్ల ఎం67లో బాగా మెరిసేవి ఎక్కువగా నారింజ రంగువి, ఎందుకంటే నీలం నక్షత్రాలు ఇంధనం త్వరగా కాల్చేసి ముందే వెళ్లిపోతాయి. ఎం13 లాంటి బంతి గుచ్ఛాల్లో లక్షల నక్షత్రాలుంటాయి, అక్కడ మధ్య నుంచి కాకుండా అంచు నుంచి చూడటం మొదలుపెట్టండి. నక్షత్రాలు ఎక్కడ పలచబడి చుట్టుపక్కల ఆకాశంలో కలిసిపోతున్నాయో ఆ గీత మీరే నిర్ణయించుకోండి.

మోసపోయే చోట్లు

ఒకసారి డీఎస్ఎస్‌లో గుండ్రటి లేత వెలుగు ఒకటి చూసి, ఏ కేటలాగ్‌లోనూ లేని నెబ్యులా దొరికిందని రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పాన్‌స్టార్స్ అనే ఇంకో సర్వేలో అదే చోటు చూస్తే ఖాళీ. పక్కనున్న ప్రకాశవంతమైన నక్షత్రం కాంతి టెలిస్కోపు లోపల అటూ ఇటూ తగిలి పలక మీద పడిన ఉత్త ప్రతిబింబం అది. అప్పటి నుంచి రెండు వేరు వేరు సర్వేల్లో కనబడితే తప్ప దేన్నీ నమ్మను. మీరూ అదే నియమం పెట్టుకోండి. సూటిగా పోయే గీత ఉపగ్రహం కావచ్చు. వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు పక్కపక్కన ఉంటే అది చిన్న గ్రహశకలం, ఫిల్టర్లు మార్చే లోపు కదిలింది. ఉన్నట్టుండి ఆకాశం రంగు సూటి గీత దగ్గర మారితే అది రెండు పలకల అతుకు.

కానీ వింతగా కనబడిన ప్రతిదీ లోపమే అనుకుని వదిలేయకండి. గెలాక్సీ జూ అని 2007లో మొదలైన ప్రాజెక్టు ఉంది, గెలాక్సీ ఫోటోలు చూసి ఆకారం చెప్పడం అందులో పని, ఎవరైనా చేరొచ్చు. మొదలైన ఏడాదే హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ టీచర్ ఒక గెలాక్సీ కింద రంగు మరకని చూసి "ఇదేమిటి?" అని అడిగింది. అది గెలాక్సీ అంత పెద్ద వాయు మేఘమని, ఆ గెలాక్సీ కేంద్రం ఒకప్పుడు ఉధృతంగా వెలిగినప్పటి కాంతికి ఇప్పుడు మెరుస్తోందని తరవాత తేలింది. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, వస్తువు, ఏ సర్వే, ఫ్రేము వెడల్పు, చూసింది రెండు ముక్కల్లో, అర్థం కానిది ఒక ముక్కలో. అలాదిన్‌లో సింబాద్ (తెలిసిన ఖగోళ వస్తువుల జాబితా) పాయింటర్‌తో ఆ చుక్క మీద నొక్కితే దానికి పేరుందో లేదో చెబుతుంది.

చివరిగా, ముడి ఫైలు

ఇదంతా అలవాటయ్యాక ఒకసారి ముడి డేటా తాకి చూడండి. నాసా స్కైవ్యూ సైట్‌లో ఎం42, అంటే ఒరాయన్ నెబ్యులా, ఎంచుకుని టూమాస్ సర్వే, వెడల్పు 0.2 డిగ్రీలు, వెయ్యి పిక్సెళ్లు అడిగి ఫిట్స్ ఫైలు, అంటే ఖగోళ శాస్త్రవేత్తలు వాడే డేటా ఫైలు, దింపుకోండి. డీఎస్9 అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. మొదట దాదాపు నల్లగా ఉంటుంది, కంగారు పడొద్దు, స్కేలుని లాగ్‌కి మార్చండి. మేఘం లేస్తుంది, మధ్య భాగం తెల్లగా మండిపోతుంది. ఇప్పుడు మౌస్ కుడి బటన్ నొక్కి పట్టి నెమ్మదిగా జరపండి. తెలుపు తగ్గుతూ తగ్గుతూ ఒక దగ్గర నాలుగు చుక్కలు విడివిడిగా బయటపడతాయి, వాటి పేరు ట్రపీజియం. ఆ మేఘాన్ని వెలిగిస్తున్నది ముఖ్యంగా వాటిలో ఒకటే. అవి మేఘం లోపల కూరుకుపోయి లేవు. పెద్ద మేఘం మనవైపు ముఖాన్ని తొలిచి గుంట చేశాయి, ఆ గుంటలో నిలబడి ఉన్నాయి. మీరు ఫోటోలో చూస్తున్నది ఆ గుంట వెనక గోడని.